గుంజుడు అల్కనే.. ఆపుడే అసలు పని

ట్రాక్టర్ కొందామని షోరూముకు పోతే మనం అడిగే మొదటి మాట ఏంది? "ఎన్ని హెచ్‌పీ అన్నా? ఎంత లోడు గుంజుతది?" ఇంతే. ఊర్లె నలుగురు కూసున్నా గదే ముచ్చట. మా బండి వంద బస్తాలు గుంజింది, మా బండి బురదలకెళ్లి రెండు ట్రాలీలను లాగింది అని. కానీ "ఎనుక గంత బరువు ఉంటే ఇది ఆగుతదా?" అని అడిగినోన్ని నేను ఇప్పటిదాంక సూడలే.

నేను పదేండ్ల సంది ట్రాక్టర్ తోలుతున్న. మా పొలం పని అయినంక సీజన్ల కిరాయికి గూడ పోత. వడ్లు, పత్తి, గడ్డి, ఇసుక, ఇటుకలు అన్నీ మోసిన. ఇన్నేండ్లల్ల నాకు సమజైన ముచ్చట ఒక్కటే. గుంజుడు ఇంజన్ పని, దానికి మనం చేసేది పెద్దగ ఏం లేదు. ఆపుడు, మలుపుడు, దిగువల పట్టి ఉంచుడు.. ఇయి మన పని. పానాలు పోయేది గూడ గిక్కడనే. మనకు ట్రాక్టర్ తోలుడు బళ్లె నేర్పలే, ట్రైనింగుల నేర్పలే. నాయిననో, చిన్నాయిననో పక్కన మడ్‌గార్డు మీద కూసుండి నేర్పిండు. ఆయనకు ఇంకొకరు గట్లనే నేర్పిండ్రు. అందుకే ఎందుకు ఎట్లయితదో తెలువకుంటనే తోలుతున్నం. ఆ "ఎందుకు"ను ఇయ్యాల జర ఇడమరిచి చెప్త.

ముందుగాల బరువు లెక్క

మామూలు 45 హెచ్‌పీ ట్రాక్టర్ బరువు రెండు టన్నుల అటుఇటు ఉంటది. ఉత్త ట్రాలీ ఒకటిన్నర టన్ను అనుకుందాం. దాంట్ల 40 కిలోల వడ్ల బస్తాలు వంద ఏస్తే 4 టన్నులు. అంటే ఎనుక ఐదున్నర టన్నులు, ముందర రెండు టన్నులు. గుంజేదానికంటే గుంజబడేది రెండున్నర రెట్ల కంటే ఎక్కువ బరువు.

మా మేనబావ అమెరికాల టెక్సాస్ల ఉంటడు. సెలవులొస్తే పెద్ద కారు ఎనుక చిన్న క్యాంపర్ కట్టుకొని తిరుగుతడు. క్యాంపర్ అంటే పండుకునే మంచం, చిన్న పొయ్యి ఉండే ట్రాలీ ఇల్లు. ఒకసారి వీడియో కాల్ల సూపిచ్చిండు. ఆయన కారు బరువు రెండు టన్నుల దాంక ఉంటదట, క్యాంపర్ ఒకటింపావు టన్ను. అంటే ఎనుకది ముందరిదానికంటే చిన్నది. అయినా ఆ క్యాంపర్ చక్రాలకు సొంత కరెంటు బ్రేకులు ఉన్నయ్. హుక్కు ఊడితే క్యాంపర్ బ్రేకులు దానంతటదే పడేటట్టు ఒక వైరు ఉన్నది. హుక్కు కింద రెండు గొలుసులు అడ్డంగ ఒకదాని మీద ఒకటి ఏసి ఉన్నయ్. ఇంగ్లండుల కొత్తగ నేర్చుకునేటోళ్లకైతే, క్యాంపర్ బరువు కారు బరువుల 85 శాతం దాటొద్దని చెప్తరు. యూరప్ల 750 కిలోల కంటే ఎక్కువ బరువు ఉండే ట్రాలీకి బ్రేకులు ఉండి తీరాలె.

ఇగ మన దిక్కు సూడుండ్రి. ఎనుకది రెండున్నర రెట్లు పెద్దది. నేను మా మండలంల సూసిన ట్రాలీలల్ల బ్రేకులు ఉన్నయి ఏళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంటే మొత్తం ఏడున్నర టన్నులను ఆపాల్సింది ట్రాక్టర్ ఎనుక టైర్లు రెండే. మామూలు ట్రాక్టర్లకు ముందు చక్రాలకు బ్రేకులే ఉండయ్ గదా.

బ్రేకు పట్టే బలం అంతే ఉండి బరువు నాలుగింతలైతే, ఆగే దూరం గూడ దగ్గర దగ్గర నాలుగింతలు అయితది. ట్రాలీ ముందు బరువు కొంత ట్రాక్టర్ మీద పడి టైర్ల పట్టు జర పెరుగుతది, నిజమే. కానీ పెరిగిన బరువంత పట్టు పెరుగది. ఉత్త ట్రాక్టర్ 5 మీటర్లల్ల ఆగిన కాడ లోడు ట్రాలీతోని 15, 20 మీటర్లు పట్టొచ్చు. వాన పడ్డ రోడ్డు మీద, వడ్లు ఆరబోసిన రోడ్డు మీద ఇంకా ఎక్కువ.

దీనికి స్పీడు కలిస్తే సంగతి ఇంకో తీరైతది. స్పీడు రెండింతలైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలైతది. 15 స్పీడుల పోయేటోడు 30కి పోతే "రెండింతలే గదా" అనుకుంటడు. బ్రేకుకు మాత్రం అది నాలుగింతల పని. ఇంకోటి, 30 స్పీడు అంటే సెకనుకు 8 మీటర్లు. ముందర బర్రె అడ్డమొచ్చింది అని కన్ను సూసి, కాలు బ్రేకు మీదికి పొయ్యేటాలకే ఒక సెకను పోతది. ఆ 8 మీటర్లు బ్రేకు అసలు పడనే పడది.

రెండు పెడళ్ల ముచ్చట

ట్రాక్టర్‌కు బ్రేకు పెడళ్లు రెండు. ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. దున్నేటప్పుడు సాలు చివరల గిర్రున మలుపుకోవాలంటే ఒక్క దిక్కు బ్రేకే తొక్కాలె, గందుకే గట్ల పెట్టిండ్రు. రోడ్డు ఎక్కేటప్పుడు రెండింటిని కలిపే చిన్న లాక్ పట్టీ ఉంటది. దాన్ని ఏసుకోవాలె.

మనోళ్లు శానామంది పొలంలకెళ్లి సీద రోడ్డెక్కుతరు. లాక్ యాదికే ఉండది. లోడు ట్రాలీతోని పోతాంటే ఏదన్న అడ్డమొచ్చి గట్టిగ తొక్కితే, కాలు ఒక పెడల్ మీదనే పడ్డదనుకో. ఒక చక్రం ఆగుతది, ఇంకోటి తిరుగుతది. ట్రాక్టర్ అడ్డం మర్లుతది. ఎనుక ఐదున్నర టన్నులు ఆగక మీదికొస్తయ్. ట్రాక్టర్, ట్రాలీ కత్తెర ముడుచుకున్నట్టు ముడుచుకుంటయ్. నడుమల డ్రైవర్ సీటు ఉంటది. 

ఇంకో సంగతి. లాక్ ఏసినా గూడ రెండు బ్రేకులు సమానంగ పట్టాలె. ఒకటి గట్టిగ, ఒకటి వదులుగ ఉంటే లాక్ ఏసి తొక్కినా బండి ఒక దిక్కే గుంజుతది. ఉత్త ట్రాక్టర్ మీద నిమ్మళంగ పోయి, సాఫు జాగల బ్రేకు తొక్కి సూడు. సీదా ఆగకపోతే మెకానిక్ కాడికి పోయి అడ్జస్టు చేపిచ్చుకో. ఇది పెద్ద ఖర్చు పని కాదు.

దిగువల న్యూట్రల్ కొట్టకుండ్రి

ఇది మన దిక్కు పెద్ద రోగం. గుట్ట దిగేటప్పుడు, చెరువు కట్ట దిగేటప్పుడు, బ్రిడ్జి దిగేటప్పుడు న్యూట్రల్ కొడ్తరు. డీజిల్ మిగులుతదని. మిగిలేది గ్లాసెడు గూడ ఉండది.

గేర్ల ఉన్నంతసేపు ఇంజన్ ఎనుక చక్రాలను పట్టి ఉంచుతది. న్యూట్రల్ కొట్టినవా, ఆ పట్టు పోయింది. మొత్తం బరువు బ్రేకుల మీదనే పడ్డది. ట్రాలీ ఎనుకకెళ్లి దొబ్బుడు షురువైతది. మల్ల గేరు ఏద్దామంటే స్పీడు ఎక్కువై గేరు పడది. బ్రేకు ఎంతసేపు తొక్కి పట్టుకుంటే అంత ఏడెక్కుతది, ఏడెక్కినా కొద్ది పట్టు తగ్గుతది. క్లచ్ తొక్కి పట్టుకున్నా ఇదే కథ. ఇంజన్‌కు, చక్రానికి సంబంధం తెగినట్టే.

దీనికి పెద్దోళ్లు చెప్పే లెక్క సులువుగుంటది. లోడుతోని ఆ గుట్ట ఎక్కాలంటే ఏ గేరు ఏస్తవో, దిగేటప్పుడు గూడ అదే గేరు. అది గూడ దిగువ షురువు కాకముందే ఏసుకోవాలె. సగం దిగినంక మార్చొద్దు. దిగేటప్పుడు యాక్సిలరేటర్ ఇడిచిపెట్టి ఇంజన్ మీద వదిలెయ్యి. బ్రేకు అప్పుడప్పుడు తొక్కు, ఇడువు. మా మేనబావ గూడ కొండల మీద క్యాంపర్‌తోని దిగేటప్పుడు చిన్న గేరులనే దిగుతడట. బండి ఏదైనా, దేశం ఏదైనా లెక్క ఒక్కటే.

ముందర లేసిందంటే పని ఖతం

బురదల ట్రాలీ దిగబడ్డది. గుంజితే వస్తలేదు. అప్పుడు మనోళ్లు చేసే పని ఏంది? గొలుసు తీసి పైన, టాప్ లింక్ కాడనో, ఎనుక ఇరుసు పైననో కట్టి బలంగ గుంజుతరు. గిదే తప్పు.

గుంజే జాగ ఎనుక ఇరుసు కంటే కింద ఉండాలె. డ్రాబార్ కిందికి ఉండేది గందుకే. కిందికెళ్లి గుంజితే ముందు టైర్లు నేలకు ఆనుకొని ఉంటయ్. పైనకెళ్లి గుంజితే ఆ బలం ట్రాక్టర్‌ను ఎనుకకు తిప్పుతది. దాని మీద పెద్ద టైర్లు బురదల ఇరుక్కొని తిరుగలేకపోతే, చక్రం తిరుగకుంటే ట్రాక్టరే చక్రం చుట్టూ తిరుగుతది. ముందర ఆకాశం దిక్కు లేస్తది. అది లేసి మీద పడేందుకు రెండు సెకన్లు గూడ పట్టది. దుంకుదామని అనుకునేటాలకే అయిపోతది. పెద్ద టైర్ల ముందర మొద్దులు పెట్టి ఎక్కిద్దామని సూసినా ఇదే ఆపతి.

దిగబడితే ముందుగాల లోడు దించు. ఎనుకకు తీసుకొని సూడు. టైర్ల ముందర మట్టి తవ్వు. ఇంకో ట్రాక్టర్ తెప్పించి రెండు కలిసి నిమ్మళంగ గుంజుండ్రి. గొలుసు కట్టినంక దాని దగ్గర ఎవ్వరు నిలవడొద్దు. తెగిన గొలుసు, తెగిన వైరు తాడు కాళ్లు ఇరగ్గొడ్తది.

రీల్స్ కోసం కావాల్నని ముందర లేపేటోళ్లు గూడ ఉన్నరు. పంజాబుల 2023 అక్టోబర్ల ఒక పోరడు ట్రాక్టర్ స్టంటు చేస్తూ దాని కిందనే పడి సచ్చిపోయిండు. ఆ రాష్ట్ర సర్కారు ట్రాక్టర్ స్టంట్లను బంద్ పెట్టింది. లైకులు రెండు రోజులల్ల పోతయ్. ఇంట్లోళ్ల దుఃఖం పోదు.

లోడు ఎక్కడ ఎయ్యాలె

రెండు చక్రాల ట్రాలీ త్రాసు లెక్క. నడుమ ఇరుసు. ఎనుక బరువు ఎక్కువైతే హుక్కు కాడ పైకి లేస్తది. అప్పుడు ట్రాక్టర్ ఎనుక టైర్ల మీద బరువు తగ్గి, పట్టు పోతది. బ్రేకు తొక్కితే జారుతది. ట్రాలీ ఎనుక తోక ఊపినట్టు ఊగుతది. ముందర బరువు మరీ ఎక్కువైతే హుక్కు కిందికి ఒత్తుతది, ట్రాక్టర్ ముందు టైర్లు అల్కగైతయ్. స్టీరింగు తిప్పినా బండి తిరుగది. చిన్న గుంతకే ముందర ఎగురుతాందంటే నీ స్టీరింగు నీ చేతుల లేనట్టే.

అమెరికాల క్యాంపర్ కట్టేటోళ్లు దీనికి ఒక లెక్క పెట్టుకున్నరు. మొత్తం క్యాంపర్ బరువుల 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలె. తక్కువైతే ఊగుతది, ఎక్కువైతే కారు ముందర లేస్తది. మన ట్రాలీకి అంత లెక్క కొలిచే కాంటా లేదు గానీ, సూత్రం అదే. బస్తాలు ట్రాలీ అంతట సమానంగ పరిచి, ఇరుసుకు జరంత ముందు దిక్కు బరువు ఎక్కువ ఉండేటట్టు ఏసుకోవాలె. ఎనుక డాల మీద అడ్డం పేర్చి తాడు కట్టుడు మంచిది కాదు. ఒకవేళ నడిచేటప్పుడు ట్రాలీ ఊగుతాందంటే గట్టిగ బ్రేకు తొక్కొద్దు, స్టీరింగు ఇటుఅటు తిప్పొద్దు. యాక్సిలరేటర్ ఇడిచి, స్టీరింగు సీదా పట్టుకో. స్పీడు తగ్గితే ఊగుడు తగ్గుతది.

లోడు దించేటప్పుడు గూడ ఇదే యాది పెట్టుకోవాలె. హమాలీలు ముందర బస్తాలు దించి, ఎనుకయి ఉంచితే త్రాసు ఎనుకకు ఒరుగుతది. అప్పుడు పిన్ను తీస్తే హుక్కు కొన గూటమోలె పైకి లేసి మూతికి తగుల్తది. గందుకే ముందుగాల ఎనుకయి దించాలె. ట్రాలీని ఇడిసేటప్పుడు చక్రాలకు రెండు దిక్కుల రాళ్లు పెట్టి, స్టాండు దించి, అప్పుడు పిన్ను తియ్యాలె.

ఎత్తు ముచ్చట గూడ ఉన్నది. గడ్డి ట్రాలీ, పత్తి ట్రాలీ బరువు తక్కువే గదా అని ఆకాశమంత పేరుస్తరు. ఎత్తు ఎంత పెరిగితే మలుపు కాడ పడిపోవుడు అంత సులువు. దాని మీద ఊర్లల్ల కరెంటు తీగలు. పైన కూసున్నోనికి తీగ తగిలితే కింద ఉన్నోడు ఏం చేస్తడు? లోడు మీద మనిషిని కూసోబెట్టుడు ఎప్పటికీ వద్దు.

పిన్ను, మలుపు, రివర్సు

హుక్కు పిన్ను కాడ మనం చేసే అగ్గువ బేరాలు సూస్తే నవ్వొస్తది. లక్షల ట్రాక్టర్, లక్షల ట్రాలీ, రెండింటి నడుమ మాత్రం ఎక్కడనో దొరికిన సలాక ముక్క. పిన్ను అదే సైజుది, గట్టిది ఉండాలె. కింద లాక్ ఉండాలె, లేకపోతే గుంతలల్ల ఎగిరి ఎగిరి పైకొస్తది. పిన్ను నడుమ అరిగి సన్నగైందా, హుక్కు రంధ్రం కోడిగుడ్డు లెక్క సాగిందా, డ్రాబార్ వెల్డింగు కాడ చీలిక వచ్చిందా అని నెలకొకసారి సూడు. రెండు గొలుసులు అడ్డంగ కట్టుకుంటే, పిన్ను ఊడినా ట్రాలీ ఎదురొచ్చేటోని మీదికి పోదు. క్యాంపర్‌కు కట్టే గొలుసు మన ట్రాలీకి కడితే ఎవ్వరు వద్దనరు.

పిన్ను ఏసేటప్పుడు ఒక మాట. ఒకడు ట్రాక్టర్ ఎనుకకు తెస్తడు, ఇంకోడు నడుమల నిలబడి హుక్కు సూస్తడు. క్లచ్ మీద కాలు జారితే నడుమలోడు నలిగిపోతడు. బండి పూర్తిగ ఆగి, హ్యాండ్ బ్రేకు పడినంకనే మనిషి నడుమలకు పోవాలె.

మలుపు కాడ ట్రాలీ ట్రాక్టర్ పోయిన తొవ్వలనే రాదు. లోపలి దిక్కుకు కోసుకుంట వస్తది. ట్రాక్టర్ టైరు కల్వర్టు మీదనే ఉంటది, ట్రాలీ టైరు మాత్రం అంచు దాటి గాలిల ఉంటది. కాల్వ కట్టల మీద, చిన్న మోరీల మీద శాన ట్రాలీలు గిట్లనే పడ్తయ్. మలుపుకు ముందు జర బయటి దిక్కుకు పోయి, ఎడల్పుగ మలుపుకోవాలె. కాల్వ కట్ట అంచుకు ఎప్పుడు పోవద్దు. పైన గట్టిగ కనవడ్తది, కింద నీళ్లు తాగి మెత్తగుంటది.

రివర్సు కొత్తోళ్లకు తిప్పలు పెడ్తది, ఎందుకంటే అంత ఉల్టా ఉంటది. ఒక చిట్కా ఉన్నది. స్టీరింగు పైన పట్టుకోకుండ కింద పట్టుకో. ట్రాలీ ఎనుక ఏ దిక్కు పోవాలెనో, ఆ దిక్కుకే చెయ్యి జరుపు. జర జరంతనే. ఎక్కువ ముడుచుకుంటే పట్టుబట్టి తిప్పొద్దు, ముందుకు పోయి సీదా చేసుకొని మల్ల రా. వినాయక నిమజ్జనం నాడు చెరువు కాడ రివర్సు పెట్టేటప్పుడు పాటల బాక్సులు బంద్ పెట్టుండ్రి. ఎనుక పిల్లలుంటరు. "ఆపు, ఆపు" అని ఒర్రినా ఇనవడది.

మాపటీలి కనవడని ట్రాలీ

ఇది ట్రాక్టర్ తోలేటోని పానం ముచ్చట కాదు, బైకు మీద వచ్చేటోనిది. టైరు పంచరైందనో, డీజిల్ అయిందనో రోడ్డు మీదనే ట్రాలీ ఇడిసిపెడ్తరు. లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు. చీకట్ల ఎదురుంగ లారీ లైట్లు కండ్లల్ల పడ్డయంటే ఆగిన ట్రాలీ అసలు కనవడది. కేంద్ర మోటారు వాహనాల రూల్స్ ప్రకారం ట్రాలీకి గూడ ఎనుక రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలె. డాల పొడుగూత రేడియం స్టిక్కర్ అతికిస్తే దూరంకెళ్లే మెరుస్తది. దాని ఖర్చు ఒక పూట చికెన్ ఖర్చు గూడ కాదు. ఇంకోటి, పంచర్ ఏసుకున్నంక రాళ్లు రోడ్డు మీదనే ఇడిసి పోవద్దు. నువ్వు పెట్టిన రాయి మీద ఎవరి కొడుకు పడ్తడో నీకు తెలువది.

మనుషులను ట్రాలీల ఎక్కించుడు

ఇప్పటిదాంక చెప్పిందంత బస్తాల గురించి. బస్తాలు పడితే నష్టం. మనుషులు పడితే?

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ కాడ కూలోళ్ల ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాల్వల పడ్డది. 15 మంది పానాలు పోయినయ్. ఎక్కువ మంది ఆడోళ్లే. అదే ఏడు ఏప్రిల్ల నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలంల గూడ కూలికి పోతున్న ఆడోళ్ల ట్రాక్టర్ కాల్వల పడి 9 మంది సచ్చిపోయిండ్రు. 2020 మేల ప్రకాశం జిల్లా రాపర్ల కాడ మిర్చి కూలోళ్ల ట్రాక్టర్ కరెంటు స్తంభానికి తగిలి తీగలు మీద పడ్డయ్. 2022 అక్టోబర్ 1న కాన్పూర్ దిక్కు మొక్కు తీర్చుకొని వస్తున్న ట్రాలీ కుంటల పడి 25 మందికి పైన పోయిండ్రు. ఊర్లు వేరు, జిల్లాలు వేరు, పడ్డ తీరు మాత్రం దగ్గర దగ్గర ఒక్కటే.

ట్రాలీల సీట్లు లేవు, పట్టుకునేందుకు కడ్డీ లేదు. మనిషి బస్తా లెక్క కుదురుగ ఉండడు. మలుపు కాడ అందరు ఒక దిక్కే ఒరుగుతరు, బరువు ఒక్కసారే అటు పడ్తది. ట్రాలీ మర్లబడితే అది బోర్లించిన గంప లెక్కనే. నీళ్లల్ల బోర్లపడితే కిందోళ్లకు బయటికొచ్చే తొవ్వనే ఉండది.

చట్టం గూడ మన దిక్కు లేదు. ట్రాలీ సామాన్లకు, మనుషులకు కాదు. సామాన్ల బండ్ల ఊకె ఎక్కినోళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాల్సిన పని లేదని 2002ల ఆశారాణి కేసుల సుప్రీం కోర్టే చెప్పింది. అంటే సచ్చినోళ్ల ఇంటికి పైసలు రావాలంటే ట్రాక్టర్ ఓనర్ మీదికే వస్తది. ఆ ఓనర్ గూడ ఐదెకరాల రైతే. ఒక్క యాక్సిడెంటుకు రెండు దిక్కుల ఇండ్లు మునుగుతయ్. పద్దెనిమిది నిండని పోరగాళ్ల చేతికి స్టీరింగు ఇచ్చేటోళ్లకు ఇంకో ముచ్చట. 2019ల మార్చిన చట్టం ప్రకారం గట్ల ఇచ్చిన తల్లిదండ్రులకు, ఓనర్‌కు మూడేండ్ల దాంక జైలు, 25 వేల జుర్మానా పడొచ్చు.

"మరి కూలోళ్లు ఎట్ల రావాలె?" అని అడుగుతరు. అడగాల్సిన మాటనే. పక్క ఊరికెళ్లి ఇరవై మంది అక్కలు పొద్దుగాల ఏడింటికి చేన్ల ఉండాలంటే బస్సు లేదు. ఆటోల పది మంది ఎక్కితే అది గూడ ఆపతే. నేను అనేది ఏందంటే, కూలి మాట్లాడుకునేటప్పుడే తొవ్వ ఖర్చు గూడ మాట్లాడుకోవాలె. రెండు ఆటోల కిరాయి నలుగురు రైతులు పంచుకుంటే ఒక్కొక్కలకు పెద్ద భారం కాదు. కలుపులకు, నాట్లకు మనం వాళ్లను బతిమిలాడి తెచ్చుకుంటున్నం. తెచ్చుకునే తొవ్వ గూడ మన బాధ్యతనే. కూలోళ్లు గూడ "ట్రాలీల అయితే రాం" అని ఒక్క మాట మీద నిలవడితే, ఊరు మొత్తం మారుతది.

ఇప్పుడు చేసేది ఏంది

ఇది సదివి "అవునన్నా, నిజమే" అని షేర్ కొట్టి ఊకుంటే లాభం లేదు. వచ్చే కోతలకు ఐకేపీ సెంటర్ కాడ కాంటా కోసం మనం గంటలకు గంటలు లైన్ల నిలవడ్తం. ఫోను సూసుకుంట కూసుంటం. ఆ టైముల ఒక్కసారి దిగి బ్రేకు పెడళ్ల లాక్ పడుతాందా సూడు. పిన్ను తీసి ఎంత అరిగిందో ఏలు పెట్టి సూడు. ఎనుక రేడియం ఉన్నదా, టైర్ల గాలి ఉన్నదా, బస్తాలు ఎనుక డాల మీద ఒరిగినయా సూడు. పక్క బండోనిది గూడ సూడు. లాక్ లేకపోతే "అన్నా, ఏసుకోరాదు" అని చెప్పు. కోపానికొస్తే రానియ్యి.

మన అయ్యలు ఎడ్ల బండి తోలిన్రు. దిగువ వస్తే బండి ఎద్దుల మీదికి ఉరుకుతదని వాళ్లకు తెలుసు. గందుకే దిగి, ముందర నడుసుకుంట, ఎద్దులను నిమ్మళంగ దింపేది. ట్రాక్టర్ వచ్చినంక బలం పెరిగింది, ఆ ఎరుక మాత్రం తగ్గింది. ఇంతకు ముందుకంటే శాన రెట్ల బరువు ఇప్పుడు మన ఎనుక వస్తాంది. దాన్ని గుంజుడు ఎవ్వనికైనా వస్తది. ఇంటి కాడ దాన్ని నిమ్మళంగ ఆపినోడే మంచి డ్రైవర్. పైలం తమ్మీ.